స్నాప్‌షాట్ ఉంది కదా అనుకున్నా... బుడమేరు వచ్చింది! | హోమ్ సర్వర్ బ్యాకప్ తెలుగులో

లాస్ట్ ఎపిసోడ్‌లో పాత డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ ఎక్కించాం. కొత్తగా చూసేవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. ఒకే కంప్యూటర్‌లో నాలుగైదు కంప్యూటర్లు నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అది. ఆ తర్వాత చాలామంది అడిగింది ఒకటే: "బ్రో, రోజూ స్నాప్‌షాట్ తీస్తున్నా, మళ్ళీ బ్యాకప్ ఎందుకు?"

ఎందుకో మా బాబాయ్ వాళ్ళింట్లో నాకు తెలిసొచ్చింది.

వాళ్ళది సింగ్ నగర్, గ్రౌండ్ ఫ్లోర్. టీవీ కింద సర్వర్ పెట్టింది నేనే. ఒక కంటైనర్‌లో ఇమ్మిచ్, అందులో ఇంట్లో అందరి ఫోటోలు. రెండు డిస్కులు మిర్రర్‌లో, రాత్రిపూట ఆటోమేటిక్ స్నాప్‌షాట్. "ఇంక ఫోన్‌లో డిలీట్ చేసేయండి, ఏం కాదు" అని కూడా నేనే చెప్పా.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికల్లా కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బాబాయ్ వాళ్ళు పై పోర్షన్‌లోకి ఎక్కారు. సర్వర్ మాత్రం టీవీ కిందే ఉండిపోయింది.

ఇప్పుడు చూడండి. మిర్రర్ అంటే రెండు డిస్కులు, కానీ ఒకే డబ్బాలో. ఒకటి పాడైతే రెండోది కాపాడుతుంది, రెండూ మునిగితే ఏం చేయలేదు. స్నాప్‌షాట్ అయితే అదే డిస్క్ మీద ఉంటుంది. అప్‌డేట్ చెడిపోతే వెనక్కి వెళ్ళడానికి సూపర్, డిస్కే పోతే అదీ పోయినట్టే.

అదృష్టం, నూజివీడులో అత్త వాళ్ళింట్లో ఒక బ్యాకప్ డిస్క్ ఉంది. తెచ్చి రిస్టోర్ కొట్టా. లాగిన్ అయింది. ఆల్బమ్ పేర్లన్నీ వచ్చాయి. ఫోటోలు మాత్రం ఒక్కటీ లేవు!

ఎందుకంటే ఫోటోలున్నది కంటైనర్ మెయిన్ డిస్క్‌లో కాదు, విడిగా తగిలించిన మౌంట్ పాయింట్‌లో. దానికి బ్యాకప్ టిక్ మనమే పెట్టాలి, డిఫాల్ట్‌గా ఉండదు. నేను పెట్టలేదు. ఫోన్లలో మిగిలినవి మిగిలాయి, అంతే. "మీ నాన్నమ్మ వీడియో ఏదిరా?" అని పిన్ని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

సో, మీరు చేయాల్సినవి నాలుగు.

ఒకటి: కంటైనర్ రిసోర్సెస్‌లోకి వెళ్ళి ప్రతి మౌంట్ పాయింట్‌కి బ్యాకప్ టిక్ ఉందో లేదో చూడండి. హోస్ట్ ఫోల్డర్‌ని బైండ్ మౌంట్ చేసుంటే అది బ్యాకప్‌లోకి అస్సలు రాదు, దాన్ని విడిగా కాపీ చేసుకోవాలి.

రెండు: ఒక కాపీ వేరే ఊళ్ళో ఉండాలి. పక్క వీధిలో పెడితే అవే నీళ్ళు అక్కడికీ వస్తాయి. అక్కడ పాత కంప్యూటర్ మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ పెట్టండి. మొదటిసారి మొత్తం వెళ్తుంది, తర్వాత మారిన ముక్కలే వెళ్తాయి. కాబట్టి మామూలు ఫైబర్ కనెక్షన్ చాలు.

మూడు: ఎన్‌క్రిప్షన్ పెడితే ఆ కీ సర్వర్‌లోనే ఉంచొద్దు. సర్వర్‌తో పాటు కీ కూడా మునిగితే బ్యాకప్ ఉన్నా తెరవలేరు. ప్రింట్ తీసి ఇంటి కాగితాలతో పాటు బీరువా పై అరలో పెట్టండి, ఇంకో కాపీ వేరే ఊళ్ళో ఉంచండి.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యం: రిస్టోర్ చేసి చూడండి. కొత్త ఐడీతో రిస్టోర్ చేసి, నెట్‌వర్క్ తీసేసి స్టార్ట్ చేయండి. లేకపోతే రెండిటికీ ఒకే ఐపీ వచ్చి గొడవ పడతాయి. లాగిన్ పేజీ వచ్చింది కదా అని ఆగకండి, నేను మోసపోయింది అక్కడే. ఒక పాత ఫోటో ఓపెన్ చేసి, కళ్ళతో చూడండి.

జాబ్ లాగ్‌లో రోజూ గ్రీన్ టిక్ పడుతూనే ఉంటుంది. మా లాగ్‌లోనూ చివరి రాత్రి దాకా గ్రీనే. ఈ ఆదివారం ఒక అరగంట కూర్చుని చెక్ చేయండి. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ "ఫోన్‌లో డిలీట్ చేసేయండి" అని మాత్రం చెప్పొద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!