ఇంటి మందు – సీసాలోని టించరు

టించరు అను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. కాలికి గడ్డపార తగిలినను, పిల్లవాడు మోకాలు గీరుకొని వచ్చినను, కాంపౌండరు దూదితో అద్దు గోధుమవన్నె ద్రవమే చాలమందికి తెలిసిన టించరు. అది అయొడిన్‌ను స్పిరిట్‌లో కరిగించి చేసినది. పైపూతకే గాని లోనికి పుచ్చుకొనుటకు కాదు. ఐతే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఆరోగ్య ప్రచారమునకై తిరుగునపుడు ఈ మాట మరియొక అర్థములో మా చెవిని పడుచున్నది. తిప్పతీగను బ్రాందీలో నానవేసి, అడ్డసరపు ఆకును స్పిరిట్‌లో ఊరవేసి, మూలికల టించరును ఇంటిలోనే చేసికొనవచ్చునని చేతిఫోనులలో బొమ్మలతో సహా చూపుచున్నారు.

కోదాడకు దాపుననున్న ఒక గ్రామములో ఒక యువకుడు అట్టి సీసా నొకదానిని తెచ్చి మా ముందుంచి, దీనిని పూటకు ఎన్ని చుక్కలు వేసికొనవలెనని అడిగినాడు. అరుగుమీద కూర్చున్న అతని నాయనమ్మ వినుచునే యున్నది. "సీసల ఉన్నదే మందా సారూ, కుండల కాసింది మందు కాదా?" అని ఆమె మమ్ములనే ప్రశ్నించినది. ఇద్దరికిని జవాబు చెప్పవలసిన బాధ్యత మాపై నున్నది.

మొదట టించరు అనగా నేమో తెలిసికొందము. మూలికలోని గుణము ఒకే విధముగా బయటికి రాదు. కొన్ని పదార్థములు నీటిలో దిగును. కొన్ని నూనెలో దిగును. కొన్ని సారాలో మాత్రమే చక్కగా దిగును. కొన్ని వేడి తగిలినంతనే చెడిపోవును. ఎండిన మూలికను దంచి, దానికి ఐదు రెట్లో పది రెట్లో శుద్ధమైన ఈథైల్ ఆల్కహాలును తగినంత నీటితో కలిపి పోసి, కొన్నిదినములు నాననిచ్చి వడకట్టినదే టించరు. సారా చెడనీయదు కనుక అది ఏండ్లతరబడి నిలువయుండును. మందుల కర్మాగారములకు ఇందువలన గొప్ప ప్రయోజనము కలదు.

దేనిలో నానవలెను, ఎంత వేడి తగులవలెను అనునది చిన్న విషయము కాదు. చైనా దేశపు శాస్త్రవేత్త తూ యూయూ మలేరియాకు మందు వెదకుచు, మన మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను పరీక్షించినది. కాచిన కషాయము పనిచేయలేదు. సుమారు 1600 సంవత్సరముల నాటి ఒక వైద్యగ్రంథములో ఆ ఆకును నీటిలో నానబెట్టి పిండవలెనని యున్నదే గాని కాచవలెనని లేదని ఆమె గమనించినది. వేడి వలననే గుణము నశించుచున్నదని ఊహించి, తక్కువ వేడిలో ఆవిరియగు ఈథరును వాడి 1971లో ఆ సారమును తీయగలిగినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. కావున అవ్వ కుండను ఒక్కదానినే నమ్ముకొనుటయు పూర్తిగా సరికాదు. అందుచేత మనుమడు తెచ్చిన సీసా సరియైనదని మాత్రము కాదు.

ఆ సీసాలోనిది బ్రాందీ. మన దేశములో అమ్ము బ్రాందీలో ఆల్కహాలు సాధారణముగా నూటికి 43 పాళ్లకు మించదు. పచ్చి తిప్పతీగలో ముప్పాతిక భాగము నీరే. తీగయు బ్రాందీయు సమానముగా వేసినచో ఆ నీరు కూడ కలిసి ఆల్కహాలు నాలుగవ వంతుకు దిగిపోవును. కర్మాగారములో మూలికను తూచి, స్పిరిట్ బలమును కొలిచి, తయారైన దానిని పరీక్షించి చుక్కల లెక్క చెప్పుదురు. ఇంటి సీసాలో ఏది ఎంత దిగినదో చేసినవానికే తెలియదు. ఎన్ని చుక్కలు అను ప్రశ్నకు జవాబు లేదని ఆ యువకునికి చెప్పితిమి. అతడు కొంత నొచ్చుకొన్నాడు. కాని తెలియని లెక్కను తెలిసినట్లు చెప్పుట మాకు తగదు.

బ్రాందీ కంటె పెద్ద భయము స్పిరిట్ వలన. బజారులో రంగులకును, వార్నిషుకును, స్టవ్వు వెలిగించుటకును అమ్ము స్పిరిట్‌ను ఎవరును త్రాగకుండునట్లు బుద్ధిపూర్వకముగా విషము కలిపి ఇత్తురు. కొన్నిటిలో మిథైల్ ఆల్కహాలు ఉండును. చూచుటకును, వాసనకును అది త్రాగుడు సారా వలెనే యుండును. వడకట్టినను, మూలిక వేసినను దాని విషము పోదు. శరీరములో అది ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును కాల్చును. రెండు చెంచాలంత, అనగా 10 మిల్లీలీటర్లు, శాశ్వతముగా చూపు పోగొట్టుటకు చాలును; దానికి మూడురెట్లు ప్రాణము తీయవచ్చును. 2020 జూలై చివరి దినములలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యము దొరకక చేతులకు రాచుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. మందు పేరుతో పుచ్చుకొన్నను, మత్తు కొరకు పుచ్చుకొన్నను విషము భేదము చూపదు.

చట్టము కూడ ఒకటి కలదు. అనుమతి లేక సారా కాచుట ఎక్సైజు చట్టము క్రింద నేరము. 1940 నాటి ఔషధ చట్టములోనికి 1964 సవరణతో ఆయుర్వేద, యునానీ మందులను కూడ చేర్చిరి. ఇంటివారికి కషాయము కాచి ఇచ్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. సీసాలలో పోసి సంతలో అమ్మవలెనన్నచో లైసెన్సు ఉండవలెను.

మరి మన ఆసవములు, అరిష్టములు సారాతో చేసినవి కావా అని తెలిసినవారు అడుగుదురు. వాటిలో సారా పోయరు. బెల్లము, ధాతకీపుష్పములు చేర్చి మూసిపెట్టగా తనంతట పుట్టునది కొద్దిపాటి సారా. అరిష్టమునకు కషాయమును, ఆసవమునకు కాచని నీటిని వాడుదురు. కుండ శుభ్రము తప్పినను, ఎండవేడి ఎక్కువైనను అది పులిసి పాడగును. అనుభవజ్ఞులైన వైద్యుల చేతిలో ఉండదగిన పని అది.

ఇక అవ్వ కుండ సంగతి. సారా లేకుండ మూలిక గుణమును తీయు మార్గములు మన వైద్యశాస్త్రములో ఐదు చెప్పబడినవి. పచ్చి ఆకును దంచి పిండినది స్వరసము. నూరిన ముద్ద కల్కము. కాచినది క్వాథము, అనగా కషాయము. చన్నీట రాత్రియంతయు నానవేసినది హిమము. వేడినీరు పోసి మూతపెట్టి వడకట్టినది ఫాంటము. తులసి వంటి సువాసనగల ఆకులకు ఫాంటమే మేలు. తెరచిన గిన్నెలో గంటసేపు కాచినచో వాసనతో పాటు గుణమును ఇల్లంతయు పంచుకొనును గాని గ్లాసులో మిగులదు. ధనియాలకు హిమము చాలును. గట్టి బెరడునకు, వేరునకు క్వాథము కావలెను. పసుపులోని ముఖ్యపదార్థము నీటిలో దిగదు, క్రొవ్వులో దిగును; మీగడపాలలో పసుపు వేసి ఇచ్చు తల్లికి రసాయనశాస్త్రము తెలియకపోవచ్చును, పని మాత్రము తెలియును. గుంటగలగరాకు రసమును నువ్వులనూనెలో కాచి తలకు రాచుకొనుట కూడ ఇట్టిదే. టించరులో సారా చేయు పనిని వంటయింటిలో నీరు, పాలు, నూనె పంచుకొని చేయుచున్నవి.

2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రచారము చేసిన పొడి ఫాంటమునకు మంచి ఉదాహరణము. తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియములు ఒక పాలు దంచి కలిపి, ఆ పొడి 3 గ్రాములకు 150 మిల్లీలీటర్ల వేడినీరు పోయవలెను. జలుబుతో గొంతు గరగరలాడునపుడు హాయినిచ్చును. రోగమును రానీయదని మాత్రము మేము చెప్పజాలము.

క్వాథమునకు శాస్త్రము చెప్పిన కొలత, మూలికకు 16 రెట్ల నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగులువరకు సన్నని సెగపై కాచుట. 50 గ్రాముల మూలికకు 800 మిల్లీలీటర్లు పోసినచో 100 మిల్లీలీటర్లు మిగులును. ఇక్కడ మన ప్రాంతపు వారు ఒక్క విషయమును గుర్తుంచుకొనవలెను. పూర్వపు నల్లగొండ జిల్లాలో పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు కలదు. పండ్లపై గారలు, వంగిన నడుములు మనము చూడనివి కావు; ఆ నీటిని శుద్ధిచేయుటకు నాగపూరులోని శాస్త్రసంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. నీరు కాచినచో ఆవిరియై పోవునది నీరే గాని ఫ్లోరైడు కాదు. 800 మిల్లీలీటర్లలోని ఫ్లోరైడు 100 మిల్లీలీటర్లలోనికి చిక్కబడును. ఫ్లోరైడుగల బోరునీటితో కషాయము కాచి దినదినము పిల్లలకు పోయువారు మేలనుకొని కీడు చేయుచున్నారు. మిషన్ భగీరథ కుళాయి నీటిని గాని, శుభ్రముగా పట్టిన వాననీటిని గాని వాడవలెను. స్టీలు గిన్నెయో మట్టికుండయో మంచిది. కళాయి పోయిన ఇత్తడిగిన్నె పనికిరాదు. కాచిన కషాయమును ఆ దినమే వాడి, మిగిలినది పారబోయవలెను.

ఏ మూలిక అనుదాని కంటె ఎక్కడి మూలిక అనునది మిర్యాలగూడ, కోదాడ రైతులకు ముఖ్యము. 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు వదలిన తరువాత ఈ సీమ వరిమాగాణియైనది. గుంటగలగర, నేల ఉసిరి, సరస్వతి ఆకు తడిగట్ల మీదనే ఏపుగా పెరుగును. ఆ గట్ల మీదనే కలుపుమందు చల్లుదురు. పైరుకు కొట్టిన పురుగుమందు గాలికి వచ్చి పడునదియు అక్కడనే. కడిగినంతమాత్రమున, కాచినంతమాత్రమున ఆ విషము పోవునని నమ్మరాదు. నేల ఉసిరి ఆకును కామెర్లకు నూరి ఇచ్చు అలవాటు మన పల్లెలలో కలదు. కాలేయము చెడినవానికి పురుగుమందు తగిలిన ఆకును పెట్టుట ఎంత ప్రమాదమో ఆలోచింపుడు. హైదరాబాదు మురుగును మోసికొనివచ్చు మూసీ ఒడ్డు మొక్కలను కూడ వదలివేయవలెను. పెరటిలో నాలుగు కుండీలలో పెంచుకొన్న తులసి, కంచెకు నాటిన అడ్డసరము, వేపచెట్టుకు ప్రాకించిన తిప్పతీగ నమ్మదగినవి.

అవియు హద్దులేక వాడదగినవి కావు. అడ్డసరము దగ్గుకు పనిచేయుట నిజము. దానిలోని పదార్థమును ఆధారముగా గొనియే బ్రోమ్‌హెక్సిన్ అను దగ్గుమందును తయారుచేసిరి. ఐనను గర్భాశయమును ముడుచుకొనజేయు గుణము దానికి కలదు కనుక గర్భవతులు దానిని ముట్టరాదు. 2021లో ముంబయి వైద్యులు కొందరు తిప్పతీగను కొంతకాలము వరుసగా సేవించినవారిలో కాలేయము దెబ్బతినుటను గమనించి ప్రకటించిరి. తిప్పతీగ సురక్షితమేయనియు, దానిని పోలిన మరొక తీగను పొరపాటున వాడియుండవచ్చుననియు ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరించినది. ఎవరి మాట నిజమైనను గ్రామస్థునికి కావలసినది రెండే: ఆకును తెలిసినవారిచేత గుర్తింపించుకొనుట, నెలలతరబడి త్రాగకుండుట. చక్కెరవ్యాధికి, రక్తపుపోటుకు మాత్రలు వేసికొనువారు వైద్యునితో చెప్పిన పిదపనే ఏ కషాయమునైనను పుచ్చుకొనవలెను. ఏడాది నిండని శిశువునకు తేనె కలిపిన ఏ మందును నాకించరాదు. పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ, ముష్టి గింజ ఏ రూపములోను ఇంటి వైద్యమునకు తగవు. వీటిలో కొన్నిటిని సారాలో ఊరవేసినచో విషము మరింత సులభముగా దిగును.

సీసా టించరులోని మేలు నిలువయుండుట ఒక్కటే యని ఆ యువకుడు వాదించినాడు. ఆ మేలును సారా లేకనే పొందవచ్చును. వానలు వెనుకబట్టి ఆకు ముదురుచున్న దినములలో, మంచు ఆరిన తరువాత ఉదయమున కోసి, మట్టి దులిపి, ఎండలో గాక గాలి ఆడు నీడలో పలుచగా పరువవలెను. చేతితో నలిపిన గలగలమని పొడియగువరకు ఆరనిచ్చి, తడిలేని గాజుసీసాలో బిగించి చీకటిచోట ఉంచినచో మరుసటి ఏడు ఆకు వచ్చువరకు సరిపోవును. సీసాపై మూలిక పేరు, కోసిన చోటు, తేదీ వ్రాసి అంటింపుడు. బూజువాసన వచ్చినది పెంటకుప్పకే.

జ్వరము మూడవ దినమునకు తగ్గకున్నను, దగ్గు రెండు వారములు దాటినను, కండ్లు పచ్చబడినను కషాయమును ప్రక్కనబెట్టి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. క్షయకు కళ్లె పరీక్షయు మందులును అక్కడ ఉచితము. పాముకాటునకు ఆకు నూరుచు ఒక్క నిమిషమైనను పోగొట్టక 108కి ఫోను చేయవలెను. తెలియని స్పిరిట్ త్రాగినవానికి చూపు మసకబారినచో, మత్తు దిగిన తరువాత చూతమని పండుకొననీయక వెంటనే తీసికొనిపోయి, మిగిలిన సీసాను కూడ వైద్యునికి చూపవలెను. కోదాడ దాపు గ్రామములోని ఆ సీసా మా వెంట రాలేదు. మేము బయలుదేరునప్పటికి అవ్వ దానిని పెరటిలో ఒంపి, ఖాళీ సీసాను బూడిదతో తోముచుండెను, ఆరిన తులసి పోసికొనుటకట.