బోరు చేయించిన ఇంజిన్ పొగ ఎందుకు వదులుతుంది?

దిల్లీలోని ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదువుకునే తెలుగు విద్యార్థుల్లో కొందరి దగ్గర చేతులు మారిన పాత బైకులు ఉంటాయి. అలాంటి బండి ఒకటి బోరుకొచ్చిందనుకోండి. విడిభాగాలకు పేరుపడ్డ కశ్మీరీ గేట్ బజారు దగ్గరే కాబట్టి పిస్టన్, రింగులు తెచ్చి, లేత్ షాపులో సిలిండర్ బోరు కొట్టించి, ఇంజిన్ బిగించారు. ఆ నెల ఖర్చుల డబ్బు దానికే పోయింది. తీరా కిక్కు కొడితే సైలెన్సర్ నుంచి పొగ! మళ్లీ విప్పించాలా, నాలుగు రోజులు ఆగాలా? పొగ రంగు, అది వచ్చే సమయం చూస్తే చాలావరకు తేలిపోతుంది.

చలికాలం ఉదయం కనిపించే తెల్లటి ఆవిరికి కంగారు పడనక్కర్లేదు. పెట్రోలులోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుందంటే చాలామంది నమ్మరు. దిల్లీ చలిలో ఆ ఆవిరి సైలెన్సర్ నోటి దగ్గరే బిందువులుగా మారుతుంది. సీఎన్‌జీ ఆటోల వెనక ఇది ఇంకా ఎక్కువగా కనబడుతుంది, ఎందుకంటే మీథేన్‌లో హైడ్రోజన్ పాలు ఎక్కువ. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే, అది కారైతే, హెడ్ గ్యాస్కెట్ దాటి కూలెంట్ లోపలికి వస్తోందేమో చూడాలి. రేడియేటర్ లేని ఎయిర్ కూల్డ్ బైకులో ఆ అనుమానానికే చోటు లేదు.

నల్లపొగకు రీబోరుతో నేరుగా సంబంధం తక్కువ. గాలికి మించి పెట్రోలు అందుతోందని అర్థం. ముందు ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ చోక్ చూడాలి.

అసలు చిక్కు నీలిపొగతోనే. మండే గదిలోకి చేరిన ఇంజిన్ ఆయిల్ అతి సన్నని తుంపరలై బయటికొస్తుంది. అవి నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి పొగకు ఆ ఛాయ వస్తుంది. బిగించేటప్పుడు సిలిండర్‌కు, పిస్టన్‌కు పూసిన ఆయిల్, సైలెన్సర్‌లో పాతకాలం నుంచి పేరుకున్న ఆయిల్ మొదట కొంతసేపు కాలడం మామూలే. ఆ తర్వాత కూడా వస్తుంటే రింగులు ఇంకా కూర్చోలేదన్నమాట.

రింగు కూర్చోవడమంటే ఏమిటి? బోరు కొట్టాక హోనింగ్ చేసి, సిలిండర్ గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు వేస్తారు. ఆ గరుకు మీద కొత్త రింగు అంచు కొద్దికొద్దిగా అరిగి, గోడకు సరిగ్గా ఒదుగుతుంది. రింగును గోడకేసి నొక్కేది దాని సొంత బిగువు ఒక్కటే కాదు. మండిన వాయువుల పీడనం రింగు వెనక చేరి బయటికి తోస్తుంది. అందుకే కొత్త ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో వదిలేయడం మంచిది కాదు. పీడనం చాలక రింగులు ఒదగవు, గోడ నునుపెక్కిపోతుంది. అలాగని ఫుల్ యాక్సిలరేటర్ కూడా వద్దు. వేగం మారుస్తూ, మధ్యస్థ భారంతో కొన్ని వందల కిలోమీటర్లు నడపాలి.

వారం రోజులకూ పొగ తగ్గకపోతే ఎప్పుడొస్తోందో గమనించండి. యాక్సిలరేటర్ తిప్పి ఎత్తు ఎక్కుతుంటే వస్తే రింగుల మీద అనుమానం. ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి, కింద మళ్లీ తిప్పగానే గుప్పుమంటే వాల్వ్ సీళ్లు, గైడ్లు చూడాలి: మూసిన థ్రాటిల్ వెనక ఏర్పడే శూన్యం అటుగా ఆయిల్‌ను లాగుతుంది. ఆయిల్ గుర్తు దాటి పోసినా నీలిపొగే వస్తుంది. ఖర్చులేని పరీక్ష కాబట్టి మొదట డిప్‌స్టిక్ చూడటమే తెలివి.

తరువాత కంప్రెషన్ పరీక్ష. ప్లగ్ విప్పి గేజ్ పెట్టి కొలుస్తారు. తక్కువగా ఉంటే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రీడింగ్ బాగా పెరిగితే ఆ ఆయిల్ రింగుల సందుల్ని మూసిందని అర్థం. పెరగకపోతే లోపం వాల్వులదో, గ్యాస్కెట్‌దో. ఒక్క జాగ్రత్త: ఆయిల్‌ను గీకే రింగు సరిగా లేకపోయినా కంప్రెషన్ బాగానే కనిపించవచ్చు. రెండో రింగును తలకిందులుగా వేస్తే అది ఆయిల్‌ను కిందికి గీకే బదులు పైకి నెడుతుంది. రింగు మీద గుర్తు ఉన్న వైపు పైకి ఉండాలన్నది అందుకే.

రింగు తలకిందులైతే ఎన్ని కిలోమీటర్లు నడిపినా సర్దుకోదు, విప్పాల్సిందే. ఆలస్యం చేస్తే కొత్త తరం బండ్లలో ఇంకో నష్టం ఉంది: ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. కాలని ఆయిల్ వల్ల హైడ్రోకార్బన్లు పెరిగి, పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలోనూ బండి నిలవకపోవచ్చు.