పాదం నొప్పి తిరగబెడితే ఆపరేషనేనా?

హైదరాబాద్ పత్తర్‌గట్టీ బట్టల కొట్లలో సేల్స్‌మన్ షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉంటాడు. రంజాన్ నెలలో ఆ నిలబడటం అర్ధరాత్రి దాటినా ఆగదు. లాడ్ బజార్ గాజుల దుకాణాల్లోనూ, మదీనా చుట్టుపక్కల హోటళ్ళలోనూ అదే పరిస్థితి. ఇలా పాదాల మీద బతికేవాళ్ళు పాతబస్తీలో డాక్టర్లను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. మందు వేసుకుంటే తగ్గుతోంది, మానేస్తే మళ్ళీ వస్తోంది, ఆపరేషన్ చేయించేసుకుంటే పీడ విరగడవుతుంది కదా అని.

ఈ ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. నొప్పి ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క కన్నా, దాని కారణం కత్తికి అందుతుందా లేదా అన్నదే ముఖ్యం. తరచూ కనిపించే మూడు బాధల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

మొదటిది, బొటనవేలి గోరు అంచు కండలోకి దిగడం. వాచి, చీము పట్టి, యాంటీబయాటిక్‌తో తగ్గి, నెల తిరగకుండానే మళ్ళీ మొదలవుతుంది. ఇక్కడ కారణం స్పష్టంగా గోరు అంచే. అందువల్ల పదేపదే వస్తుంటే ఆపరేషన్‌కు వెనకాడనక్కర్లేదు. అయితే గోరంతా పీకించుకుంటే మొదలు అలాగే ఉంటుంది కాబట్టి గోరు మళ్ళీ పెరుగుతుంది, బాధా దానితోపాటే రావచ్చు. గుచ్చుకునే అంచును మాత్రమే సన్నగా తీసి, దాని మొదలుకు ఫినాల్ అనే రసాయనం రాస్తే ఆ అంచు తిరిగి పెరిగే అవకాశం బాగా తగ్గుతుంది. వేలికి మాత్రమే మత్తిచ్చి చేసే చిన్న పని ఇది. అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ తర్వాత గోళ్ళను మూలలు గుండ్రంగా కాకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి.

రెండోది ఆనెకాయ. ఒకేచోట ఒత్తిడి పడుతుంటే చర్మం తనను తాను కాపాడుకోవడానికి గట్టిపడుతుంది, అదే ఆనె. దాన్ని తవ్వి తీయించుకున్నా లోపలి ఎముక అలాగే నొక్కుతుంటే, బిగుతు చెప్పు అలాగే ఒరుసుకుంటుంటే కొద్ది నెలల్లో మరో ఆనె లేస్తుంది. పైగా అరికాలిలో కోసిన మచ్చే గట్టిపడి అడుగడుగునా నొప్పి పెట్టవచ్చు. అందుకని ముందు మార్చాల్సింది చెప్పుల్ని. ముందుభాగం వెడల్పుగా, అడుగు మెత్తగా ఉండాలి. ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఇందుకు బాగా పనికొస్తాయి. పెళ్ళిళ్ళకు వేసుకునే మొనదేలిన జూతీలు ఆ పూటకే పరిమితం కావాలి. వేలు వంకరపోయి, ఆ కణుపు మీదే ఆనె వస్తుంటే మాత్రం వేలిని సరిచేసే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. అప్పుడు సరిచేసేది ఎముకను, చర్మాన్ని కాదు.

మూడోది మడమ శూల. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే సూది గుచ్చినట్టవుతుంది, నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్ళీ సలుపుతుంది. అరికాలిలో మడమ నుంచి వేళ్ళ దాకా పరుచుకున్న పట్టీలాంటి కణజాలం ఎముకకు అతుక్కునే చోట దెబ్బతినడమే దీనికి కారణం. చాలామంది ఎక్స్‌రే చూసి ఎముక పెరిగిందని, దాన్ని చెక్కేస్తే చాలని అనుకుంటారు. ఏ నొప్పీ లేనివారి మడమల్లోనూ అలాంటి మొన కనిపిస్తుంది. దాన్ని చూసి ఆపరేషన్‌కు సిద్ధపడితే పొరపాటే.

మడమ శూల ఉన్న పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది లోపు కోత లేకుండానే నెమ్మదిస్తుంది. కాకపోతే ఆ ఏడాది శ్రద్ధగా గడపాలి. మంచం దిగకముందే వేళ్ళను చేత్తో మోకాలి వైపు లాగి కాసేపు ఉంచాలి. గోడకు చేతులానించి పిక్క సాగదీయాలి. రాతి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడకూడదు, చెప్పులు బయట విడవాల్సిన కొట్లో పనిచేసేవారు కనీసం కాళ్ళ కింద మందపాటి రబ్బరు చాప వేసుకోవాలి. బరువు తగ్గితే మడమకూ భారం తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ త్వరగా ఉపశమనం ఇస్తుంది కానీ పదేపదే తీసుకుంటే ఆ పట్టీ తెగిపోవచ్చు, మడమ కింద మెత్తటి కొవ్వు పలచబడవచ్చు. ఇవన్నీ క్రమం తప్పకుండా చేసినా ఆరు నెలల నుంచి ఏడాది దాకా నొప్పి లొంగకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. అందులో పట్టీని కొంతమేరకే కోసి వదులు చేస్తారు. ఎక్కువ కోస్తే పాదం వంపు దిగిపోయి, బయటి అంచున కొత్త నొప్పి మొదలవుతుంది.

తిరగబెట్టే నొప్పి కొన్నిసార్లు జబ్బు నిర్ధారణే తప్పని చెబుతుంది. రెండు మడమలూ నొప్పిపెడుతూ పొద్దున నడుము బిగుసుకుపోతుంటే అది వెన్నుపూస కీళ్ళవాతం కావచ్చు. రాత్రికి రాత్రి బొటనవేలి కీలు ఎర్రగా వాచితే యూరిక్ యాసిడ్ చూడాలి. అరికాలు తిమ్మిరెక్కి మండుతుంటే నరం నలుగుతోందేమో పరీక్షించాలి. వీటికి మడమ మీద కోత మందు కాదు. ఎముకలు సర్దే పహిల్వాన్ల మాలిష్‌తో హాయి దొరకవచ్చు గానీ, వీటిని ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి చెప్పడం మాలిష్ వల్ల కాదు.

షుగర్ ఉన్నవారి లెక్క వేరు. మూడు నెలల సగటు షుగర్, పాదానికి రక్తం అందుతోందా, స్పర్శ ఉందా అన్నవి చూడకుండా ఏ కోతకూ ఒప్పుకోకూడదు. ఆనె మీద యాసిడ్ పట్టీలు, ఇంట్లో బ్లేడుతో చెక్కుకోవడం, వేడినీళ్ళ కాపడం వారికి నిషిద్ధం. స్పర్శ లేని పాదానికి కాలినా తెగినా తెలియదు. సిగరెట్ తాగేవారికి గాయం ఆలస్యంగా మానుతుంది.

మత్తు భయంతో అవసరమైన ఆపరేషన్‌నూ వాయిదా వేసేవారున్నారు. మత్తు ప్రమాదాల మీద ప్రపంచ వైద్యులు వాదించుకున్న పరిశోధన జరిగింది హైదరాబాద్‌లోనే. 1888, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. అప్పట్లో మత్తుకు వాడిన క్లోరోఫామ్ ముందు శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్నది అప్పటి తగవు. ఇప్పుడు పాదం ఆపరేషన్లలో చాలావాటికి నిద్రపుచ్చే అవసరమే ఉండదు. వేలికో, చీలమండ దగ్గరో, నడుముకో ఇచ్చే ఇంజెక్షన్ సరిపోతుంది.

ఒప్పుకునే ముందు సర్జన్‌ను సూటిగా అడగండి. ఈ కోతతో నా నొప్పికి కారణం పోతుందా? మళ్ళీ రావడానికి ఎంత అవకాశం ఉంది? ఎన్ని వారాలు నిలబడకూడదు? గొంతుక్కూర్చోగలనా? నమాజులో వేళ్ళు మడిచి కూర్చోగలనా? బొటనవేలి కీలు బిగించే ఆపరేషన్ అయితే ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలా తేడా చేస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డుంటే మీ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

గోరుకు తొందరగా సరేననండి, ఆనెకు ముందు చెప్పు మార్చండి, మడమకు ఏడాది ఓపిక పట్టండి. నా నొప్పికి కారణం పోతుందా అన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టవద్దు.