ఇరవై ఒక్క మజిలీల పందెం

మీలో సైకిలు పందెం వెయ్యనివారు ఉండరు. వీధి చివరి వేపచెట్టును ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. అయితే, ఏ ఒక్క రోజూ అందరికన్నా ముందు చేరనివాడు కూడా గెలవగల సైకిలు పందెం ఒకటున్నది. దాని పేరు టూర్ ద ఫ్రాన్స్.

ఇది సాధారణంగా ఏటా జులై నెలలో ఫ్రాన్సు దేశంలో మూడు వారాలపాటు జరుగుతుంది. కాశీమజిలీ కథల్లో రోజుకొక మజిలీ, మజిలీకొక కథ ఉన్నట్టే ఈ పందెంలో 21 మజిలీలు ఉంటాయి. మొత్తం దూరం ఇంచుమించు 3,400 కిలోమీటర్లు. అంటే, హైదరాబాదు నుంచి ఢిల్లీకి సైకిలు మీద పోయి, మళ్ళీ సైకిలు మీదే తిరిగి వచ్చినంత దూరమన్నమాట. మధ్యలో ఆల్ప్స్, పిరెనీస్ పర్వతాలు ఎక్కి దిగాలి.

1903లో లోటో అనే పత్రికవారు తమ పత్రిక ఎక్కువగా అమ్ముడు కావటానికి ఈ పందెం ప్రారంభించారు. ఆ ఏడు 60 మంది బయలుదేరితే 21 మంది మాత్రమే చివరిదాకా రాగలిగారు. గెలిచినవాడు మోరీస్ గారాన్. అతను చిన్నతనంలో ఇళ్ళ పొగగొట్టాలు శుభ్రం చేసి బతికినవాడు.

ఇక గెలుపు ఎలా తేలుతుందో చూడండి. రాము, సోము, గోపి అనే ముగ్గురు ఉన్నారనుకోండి. మొదటి రోజు రాము 4 గంటల్లో చేరాడు. సోము ఒక నిమిషం, గోపి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. రెండో రోజు గోపి 5 గంటల్లో చేరాడు. సోము ఒక నిమిషం, రాము ఆరు నిమిషాలు వెనకబడ్డారు. ఇప్పుడు కూడండి. రాముకు 9 గంటల 6 నిమిషాలు, గోపికి 9 గంటల 5 నిమిషాలు, సోముకు 9 గంటల 2 నిమిషాలు. ఒక్కనాడూ ముందు రాని సోమే అందరికన్నా పైన ఉన్నాడు! అలా పైన ఉన్నవాడు మర్నాడు పసుపు రంగు చొక్కా తొడుక్కుంటాడు. లోటో పత్రికను పసుపు కాగితం మీద అచ్చు వేసేవారు.

ఆ చొక్కా 1919లో మొట్టమొదట తొడిగినవాడు యూజీన్ క్రిస్టోఫ్. అతని కథ వినదగినది. అంతకు ఆరేళ్ళ ముందు, 1913లో, పిరెనీస్‌లోని టూర్మలే కొండ దిగుతూండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగిపోయింది. ఎవరి సైకిలు వారే బాగుచేసుకోవాలనీ, ఇతరుల సహాయం పొందరాదనీ అప్పటి నియమం. క్రిస్టోఫ్ సైకిలు మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి ఒక పల్లె చేరాడు. అక్కడి కమ్మరి కొలిమిలో ఇనుము కాల్చి, తనే సుత్తి పట్టి, ఫోర్కును అతుక్కున్నాడు. రెండు చేతులూ పనిలో ఉండటంచేత ఒక కుర్రవాడు కొలిమితిత్తి ఊదాడు. పందెం అధికారులు, అదీ సహాయమే అంటూ అతనికి జరిమానాగా మరికొన్ని నిమిషాలు కలిపారు! గెలుపు చేజారినా క్రిస్టోఫ్ పందెం మానలేదు. పారిస్‌కు ఏడవవాడుగా చేరాడు. 1919లో మరి రెండు మజిలీల్లో పందెం ముగుస్తుందనగా, పసుపు చొక్కాతో ఉన్న అతని సైకిలు ఫోర్కు మళ్ళీ విరిగింది. అతను ఎన్నడూ ఈ పందెం గెలవలేదు. అయినా జనం అతన్ని మరిచిపోలేదు.

నేటి నియమాలు వేరు. ఒక్కో జట్టులో ఎనిమిది మంది ఉంటారు. ఒకరికొకరు సహాయం చేసుకోవచ్చు. సమభూమి మీద వేగంగా పోయే సైకిలుకు ముఖ్యమైన శత్రువు గాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనక అంటిపెట్టుకుని వచ్చేవాడికి మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. అందుకే నాయకుణ్ణి వెనక ఉంచుకుని, తక్కినవారు వంతులవారీగా గాలికి అడ్డుపడతారు. అతనికి నీళ్ళు తెచ్చి ఇస్తారు, అవసరమైతే తమ చక్రం విప్పి ఇస్తారు. నాయకుడి గెలుపులో వారందరి కష్టమూ ఉన్నది.

గాలి ఎంత పని చేస్తుందో 1989లో తేలింది. ఆఖరి నాడు పసుపు చొక్కా ఫ్రాన్సువాడైన లోరాన్ ఫిన్యోన్‌ది. అమెరికావాడు గ్రెగ్ లెమాండ్ 50 సెకండ్లు వెనకబడి ఉన్నాడు. రెండేళ్ళ కిందట వేటలో పొరపాటున తుపాకీ పేలి, లెమాండ్ చావు తప్పి బయటపడ్డాడు. కొన్ని గుళ్ళు ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు ఎవరికి వారే విడివిడిగా తొక్కాలి. లెమాండ్ మోచేతులు దగ్గరగా ఆనించి ముందుకు వంగే కొత్తరకం హాండిలు పెట్టుకున్నాడు, గాలికి జారిపోయే కోసు టోపీ పెట్టుకున్నాడు. ఫిన్యోన్ వట్టి తలతో, వెంట్రుకలు ముడివేసుకుని తొక్కాడు. లెమాండ్ అతనికన్నా 58 సెకండ్లు ముందుగా పూర్తిచేశాడు. 58లోనుంచి 50 తీసివెయ్యండి. 87 గంటలకు పైగా సాగిన పందెం 8 సెకండ్లతో తేలిపోయింది!

ఆడవారి పందెం ఇంతకన్నా విచిత్రంగా ముగిసింది. 2024లో ఆఖరి మజిలీ ఆల్ప్ ద్యూయెజ్ కొండ మీద. ఆ కొండకు డెమీ వొల్లెరింగ్ అందరికన్నా ముందు చేరింది. కాని మొత్తం లెక్కలో పోలండుకు చెందిన కాషా నివియాడోమా 4 సెకండ్ల తేడాతో గెలిచింది. వొల్లెరింగ్ అయిదో మజిలీలో పడిపోయినప్పుడు పోగొట్టుకున్న కాలం తిరిగి పూర్తిగా రాలేదు.

రోడ్డు పక్కన నిలబడి ఈ పందెం చూడటానికి చాలాచోట్ల టిక్కెట్టు అక్కర్లేదు. కొండల మీద సైకిళ్ళు నెమ్మదిగా పోతాయి గనక జనం కొద్ది రోజుల ముందే అక్కడ డేరాలు వేసుకుంటారు, రోడ్డు మీద తమ వీరుల పేర్లు రాస్తారు. అయితే అభిమానానికి హద్దు ఉండాలి. 2021లో మొదటి మజిలీలో ఒకరు అట్టముక్క పట్టుకుని రోడ్డు మీదికి వంగేసరికి అది ఒక ఆటగాడికి తగిలింది. అతని వెనక డజన్లకొద్దీ ఆటగాళ్ళు పడిపోయారు. దారి వదిలి నిలబడటమే మంచి ప్రేక్షకుడి మొదటి పని.

మీరు ఫ్రాన్సు పోనక్కర్లేదు. పందెం మొదలైన నాడు ఒక నోటుపుస్తకం తియ్యండి. మీకు నచ్చిన అయిదుగురి పేర్లు రాసి, రోజూ వారి కాలాలు కూడుకుంటూ పొండి. అమ్మో నాన్నో లెక్క సరిచూస్తారు. పుట అడుగున మరొక పేరుకు చోటు వదలండి. మొత్తం లెక్కలో అందరికన్నా చివర ఉన్నవాణ్ణి ఆ దేశంలో ‘ఎర్ర లాంతరు’ అంటారు. రైలు చివరి పెట్టెకు వేలాడే దీపంతో పోల్చి పెట్టిన పేరది. అతనూ ఆ కొండలన్నీ ఎక్కినవాడే. అతని పేరు కూడా రాసుకోండి.