నర్సు బిడ్డ పైచదువు, నాన్న ఎకరం పొలం

గత వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘములోని ఒక సహోదరుడు పట్టాదారు పాసుపుస్తకము సంచిలో పెట్టుకొని మా యింటికి వచ్చారు. "అయ్యగారూ, ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మకానికి పెట్టాము. అమ్మాయి పైచదువుకు. ప్రార్థన చేయండి" అన్నారు. ఆ అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ ముగించి, పట్టణంలో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో రెండేళ్లుగా పనిచేస్తోంది. నర్స్ ప్రాక్టీషనర్ కావాలని ఆమె ఆశ. ఏ కాలేజీ అని అడిగితే ఒక ఏజెంటు చెప్పిన పేరు చెప్పారు. ప్రార్థన చేశాము గాని, బయానా మాత్రం పుచ్చుకోవద్దన్నాము.

మేము వైద్యము తెలిసినవారము కాము. కనుక ఆసుపత్రులలో పనిచేసే పెద్ద సిస్టరమ్మలను అడిగి తెలుసుకొన్నాము. మన కుటుంబాలలో నర్సు చదివిన ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు గనుక ఇది వ్రాస్తున్నాము.

అమెరికాలో ఈ చదువుకు శాఖలు అనేకం. పిల్లలకు, మానసిక రోగులకు, కుటుంబ వైద్యానికి వేర్వేరుగా ఉన్నాయి. మన దేశంలో ముఖ్యంగా రెండే దారులు. మొదటిది క్రిటికల్ కేర్, రెండేళ్ల పీజీ. బి.ఎస్సీ. తరువాత కనీసం ఒక యేడు ఆసుపత్రి అనుభవం అడుగుతారు. రెండవది కాన్పుల చదువైన మిడ్‌వైఫరీ, 18 నెలలు. 2018లో కేంద్ర ప్రభుత్వం దానికి మార్గదర్శకాలిచ్చింది. ఎక్కువగా సర్కారు ఆసుపత్రుల నర్సులనే ఎంపికచేసి పంపుతున్నారు. మన అమ్మాయికి ఆ దారి లేదు.

ఇది చదివితే ఊళ్లో సొంత క్లినిక్ పెట్టుకోవచ్చునని ఏజెంటు చెప్పాడట. అది అబద్ధము. డాక్టర్లతో కలిసి, ఆసుపత్రి నియమాలకు లోబడి పనిచేయవలసిందే.

క్రిటికల్ కేర్ చదువు రెసిడెన్సీ పద్ధతిలో సాగుతుంది. తరగతిలో కన్నా రోగి మంచం దగ్గరే ఎక్కువ కాలం గడుస్తుంది. కాబట్టి ఫీజెంత అని అడిగినంత గట్టిగా, జీతం ఎంతిస్తారని కూడా అడగాలి. మనవారు ఫీజు అడుగుతారు, మెస్సు బిల్లు మరచిపోతారు! అమ్మాయి ఆ కాలేజీకి మా ఎదుటనే ఫోను చేసింది. జీతం లేదన్నారు. ఐ.సి.యు. వేరే ఊళ్లో ఉందట, బస్సు చార్జీలు మనవేనట. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు కాగితం అడిగితే, చేరిన తరువాత చూపిస్తామన్నారు. తండ్రి పాసుపుస్తకము మళ్లీ సంచిలో పెట్టుకొన్నారు.

తప్పనిసరి అయితే బ్యాంకు విద్యారుణం ఉంది. మామూలుగా చదువు ముగిశాక ఒక యేడు వరకు వాయిదా కట్టనక్కరలేదు. వడ్డీ మాత్రం ఆగదు. ఇది కూడా ఆ తండ్రికి వివరించాము.

అమ్మాయి ఇప్పుడు అదే ఐ.సి.యు.లో మూడవ యేడు పనిచేస్తూ, నెలనెలా పోస్టాఫీసులో కొంత వేస్తోంది. జీతమిచ్చి చదివించే రెండు ఆసుపత్రుల వివరాలు తెప్పించుకొంది. ఆ ఎకరంలో ఈ యేడు మినుము చల్లారు.