మనోవ్యాధి - మన కుటుంబం

కాలు విరిగితే ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరుగెత్తుతాం. మనస్సు చెదిరితే మాత్రం ముందు వీధి తలుపు మూసుకుంటాం. ఎందుకిలా? మనోవ్యాధి కేవలం మెదడుకు సంబంధించిన విషయమేనా? లేక మన ఆచారాలకూ, కుటుంబానికీ అందులో పాలుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో కాదు, ఇంట్లోనే ఎదురైంది. కనుక ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

మా పెద్దమ్మ కొడుకు ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నేను ఈ కళాశాలలో చదువుతున్న రోజుల్లో, 1987లో, అన్న ఉన్నట్టుండి మగ్గం గుంటలోకి దిగడం మానేశాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఎవరో తనను తిడుతున్నారని గోడవైపు తిరిగి జవాబులు చెప్పేవాడు. పెద్దమ్మ "గాలి సోకింది" అన్నది. పెదనాన్న "పని చేయలేక నాటకాలు" అన్నాడు. ఇరుగుపొరుగు "ఎవరో ఏదో చేయించినారు" అన్నారు. ఒకే జబ్బుకు మూడు పేర్లు! ఏ పేరు పెడితే ఆ వైద్యమే. గాలి అంటే తాయెత్తు, నాటకం అంటే దెబ్బలు, చేతబడి అంటే పక్కింటివాళ్లతో జగడం. జబ్బు మెదడులో పుట్టినా, దానికి పేరు పెట్టేది మాత్రం ఇల్లూ, ఊరూ అని నాకు అప్పుడే తెలిసింది.

బాధను చెప్పుకునే భాషను కూడా సంస్కృతే నేర్పుతుంది. మనవాళ్లు డాక్టరు దగ్గర "నాకు దిగులుగా ఉంది" అనరు. "గుండె దడ, ఒళ్లు మంటలు, నరాల బలహీనత" అంటారు. ఇది మన ఒక్కరి సంగతే కాదు. చైనాలోని హునాన్‌లో "నరాల బలహీనత" పేరుతో వైద్యం పొందుతున్నవారిని ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు పరీక్షించి, వారిలో ఎక్కువమందికి ఉన్నది డిప్రెషన్ అని 1982లో ప్రకటించాడు. దిగులు అంటే సిగ్గు, నరాలంటే సిగ్గు లేదు. అంతే తేడా.

అన్నను మొదట పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోయినారు. హిందువులూ, ముస్లింలూ అందరూ మొక్కుకునే చోటు అది. చదువుకున్నవాణ్ణి గదా, నేను నవ్వుకున్నాను. ఈనాడు నవ్వను. అక్కడ ఆయన్ను ఎవరూ ఎగతాళి చేయలేదు. పెద్దమ్మ రాత్రింబవళ్లు పక్కనే ఉండి, చేత్తో అన్నం కలిపి పెట్టింది. జబ్బు బయటినుంచి వచ్చి పట్టుకుందనే నమ్మకంలో ఒక మేలుంది. నేరం రోగి మీద పడదు. కానీ అన్నకు వినిపించే గొంతులు ఆగలేదు, ఏడు నెలలు మాత్రం గడిచిపోయినాయి. ఈ జబ్బులో వైద్యం ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. నమ్మకం గొలుసుగా మారితే ఇంకా ఘోరం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమపు పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు మరణించారు. రోగిని గొలుసులతో కట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతుంది.

ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం దాటి బెంగళూరు. చివరికి ఆ రైల్లోనే అన్నను నిమ్హాన్స్‌కు తీసుకుపోయినాం. స్కిజోఫ్రేనియా అన్నారు. వంశంలో వచ్చే లక్షణాలూ, జీవితంలోని ఒత్తిళ్లూ కలిసి మెదడు పనితీరును మార్చే జబ్బు ఇది. మాత్రలతో గొంతులు తగ్గినాయి. రెండు నెలలకు అన్న మళ్లీ నాడె పట్టుకున్నాడు.

మాత్రలతో పాటు మనిషి తోడు కూడా అవసరమని మన దేశం ముందే గ్రహించింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వారితోపాటే ఉండనిచ్చాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది దేశాల్లో ప్రారంభించిన పరిశీలనలో, ఆగ్రా రోగులు అనేక ధనిక దేశాల రోగులకంటే బాగా కోలుకున్నట్టు తేలింది. కుటుంబమే కారణమా అన్నదానిపై పండితుల్లో వాదాలున్నాయి. ఒక్క సంగతి మాత్రం గట్టిగా నిలిచింది. ఇంట్లో నిందలూ, ద్వేషమూ, ఊపిరాడనివ్వని అతిగారాబమూ ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని జార్జి బ్రౌన్ మొదలైనవారు లండన్‌లో చూపించారు. 1980లలో చండీగఢ్‌లో చూస్తే, ఇటువంటి ధోరణి లండన్ కుటుంబాలకంటే మన కుటుంబాల్లో తక్కువగా కనిపించింది.

అయితే మన కుటుంబానికి నిందకంటే పెద్ద జబ్బు ఒకటుంది. అది పరువు. "పెళ్లి చేస్తే వాడే కుదురుతాడు" అన్నారు పెద్దలు. హిందూపురం సంబంధం వచ్చింది. పెళ్లిచూపులకు నేనూ పోయినాను. పిల్ల తండ్రి నన్ను పక్కకు పిలిచి, "అబ్బాయికి ఏమన్నా అనారోగ్యమా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పప్పా" అని అడిగినాడు. "ఏమీ లేదు మామా" అన్నాను.

కొత్త కోడలికి తెలియకూడదని మాత్రలు మాన్పించినారు. నాలుగు నెలలకు జబ్బు తిరగబెట్టింది. "ఆమె అడుగుపెట్టిన వేళ మంచిది కాదు" అని నింద వదిన మీద పడింది. ఒకనాడు పెట్టెలో పాత ఆస్పత్రి చీటీలు ఆమె కంటబడినాయి. ఆమె ఏడవలేదు, అరవలేదు. నాతో ఒక్కటే అన్నది: "ముందే చెప్పింటే ఆ మాత్రలు నేనే ఇచ్చేదాన్ని గదప్పా!" ఆ తర్వాత ఆమే ఆయన్ను బెంగళూరు తీసుకుపోయింది. ఆమె కండెలు చుడితే ఆయన నేసినాడు. వాళ్లు నిలదొక్కుకున్నారు. కానీ అది ఆమె మంచితనం. నా అబద్ధానికి అది క్షమాపణ కాదు. ఆమె కాదని పుట్టింటికి పోయి ఉంటే తప్పు పట్టగలిగినవారెవరు?

విద్యార్థి మిత్రులారా! మన సంస్కృతిని వదిలేయమని నేను చెప్పడం లేదు. మొక్కు ఉంటే తీర్చుకోండి, మాత్ర మాత్రం మానవద్దు. డాక్టరు చెప్పకుండా ఎవరు మాన్పించినా అడ్డుపడండి. సంబంధం చూసేటప్పుడు నిజం చెప్పండి. హాస్టల్లో పక్క మంచం మిత్రుడు నిద్ర మాని, తిండి మాని, మాట మానితే ఎగతాళి చేయక పక్కన కూర్చోండి. 2022లో ప్రారంభమైన టెలి-మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

రేపు మీ ఇంట్లోనూ ఎవరో పెద్దాయన, చదువుకున్నవారని నమ్మి మిమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతాడు. ఆనాడు నేను చెప్పిన జవాబు మీరు చెప్పకండి.