ఇంటిబడి: మాటల చాటున అపోహలు – దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నేపథ్యం

కీలక పదాలు: ఇంటిబడి, గృహవిద్య, ప్రైవేటు, బడి బయటి పిల్లలు, విద్యాహక్కు చట్టం, టీసీ, స్థానికత.

ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా వరకు సాగే దారిలో చదువు ఒక ప్రధాన వ్యాపారం. కోచింగ్ కేంద్రాల బోర్డులు, హాస్టళ్ల ప్రకటనలు, కరెంటు స్తంభాలకు అంటించిన 'హోమ్ ట్యూషన్' కాగితాలు అడుగడుగునా కనిపిస్తాయి. నల్లగొండ, ఖమ్మం వైపు నుంచీ కోస్తా జిల్లాల నుంచీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. వారిలో చాలామంది వలసకు పిల్లల చదువే ముఖ్య కారణం. అటువంటి చోట ఒక కుటుంబం తమ పిల్లను ఏ బడికీ పంపక ఇంట్లోనే చదివిస్తున్నదంటే, ఇరుగుపొరుగువారికి ఆ పనిని పిలవడానికి మాట దొరకదు.

'గృహవిద్య', 'ఇంటిబడి' అనే మాటలు రాతలో అక్కడక్కడ కనిపించినా జనవ్యవహారంలో స్థిరపడలేదు. సరైన మాట లేనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మాట ఆ చోటును ఆక్రమిస్తుంది. ఇంటిబడి విషయంలో అలా వచ్చి చేరినవి 'ట్యూషన్', 'ప్రైవేటుగా కట్టడం', 'బడి మానేయడం' అనేవి. ఇంటిబడి గురించిన అపోహలలో ఎక్కువభాగం ఈ మాటల చరిత్రలోనే ఉన్నాయి. వాటిని అజ్ఞానంగా తోసిపుచ్చడం సులభమే గాని, అది సరైన అంచనా కాదు.

'ప్రైవేటు' తెచ్చిన చిక్కు

తెలుగులో 'ప్రైవేటు'కు చదువుకు సంబంధించి రెండు అర్థాలున్నాయి. 'ప్రైవేటు చెప్పడం' అంటే బడి వేళ తర్వాత డబ్బు తీసుకొని పాఠం చెప్పడం. 'ప్రైవేటుగా కట్టడం' అంటే విద్యాసంస్థకు వెళ్లకుండా పరీక్ష రాయడం. మొదటిది బడికి అదనం. రెండవది బడికి వెళ్లలేనివారి మార్గం. ఇంటిబడి ఈ రెండింటిలో దేనికీ చెందదు. అయినా వినేవారు మొదటి అర్థంలో తీసుకుంటే 'ట్యూషన్ పెట్టించారు కాబోలు' అనుకుంటారు. రెండవ అర్థంలో తీసుకుంటే 'పాపం, తప్పి ఉంటాడు' అని జాలిపడతారు.

ఈ జాలి కొత్తది. గిడుగు రామమూర్తి ఉద్యోగం చేస్తూనే ఎఫ్.ఎ., బి.ఎ. పరీక్షలు ప్రైవేటుగా కట్టి ఉత్తీర్ణులయ్యారు. ఆ కాలంలో అది గౌరవానికి కారణమైనదే. భండారు అచ్చమాంబ ఏ బడికీ వెళ్లలేదు. తన ఇంట ఉండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చొని ఆమె తెలుగు, హిందీ నేర్చుకున్నారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ఆ ఇంటిచదువు ఫలమే. ఇంకా వెనక్కు వెళితే, థామస్ మన్రో 1822లో మద్రాసు రాజధానిలో జరిపించిన విద్యా విచారణ ఉంది. మద్రాసు నగరంలో ఇళ్లలో చదువుకునే పిల్లలు బడిపిల్లల కంటె అయిదు రెట్లకు పైగా ఉన్నారని అందులో తేలింది. ఆ లెక్కలో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే తన 1826 నాటి మినిట్‌లో అనుమానించాడు. లెక్క ఎంత తగ్గినా, ఇంటి చదువు అరుదైనది కాదన్న సంగతి మాత్రం మిగులుతుంది. అయితే ఆ చదువు కులాన్ని, సంపదను అనుసరించి కొద్దిమందికే దక్కేదన్నది విస్మరించి, దానిని స్వర్ణయుగంగా చూపడం మరో అపోహ అవుతుంది.

2020లో కరోనా కాలం ఈ చిక్కును పెంచింది. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రైవేటు బడులు ఫోన్లలో తరగతులు నడిపాయి. 'మేమూ అప్పుడు ఇంట్లోనే చదివించాం కదా' అనే మాట ఆ అనుభవం నుంచి వచ్చింది. కాని ఆ రోజుల్లో పాఠ్యప్రణాళిక, వేళలు, పరీక్షలు అన్నీ బడివే. మారినవి గోడలు మాత్రమే. ఇంటిబడిలో ఏది, ఎప్పుడు, ఎంత నేర్చుకోవాలన్న నిర్ణయమే ఇంటికి మారుతుంది.

వేగం, స్నేహం, ఖర్చు

హైదరాబాద్‌కు చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లో చదువుకొని ఎనిమిదేళ్లకే పదవ తరగతి స్థాయి పరీక్షలోనూ, తర్వాత కళాశాలలో చేరి పదమూడేళ్లకే డిగ్రీలోనూ ఉత్తీర్ణురాలయ్యారు. పత్రికలలో విస్తృతంగా వచ్చిన ఈ ఉదాహరణ ఒక అపోహకు దారితీసింది. ఇంటిబడి అంటే మేధావుల కోసం, త్వరగా ముగించడం కోసం అన్న భావన అది. ఆరవ తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అమ్ముడుపోయే ప్రాంతంలో వేగమే కొలమానం కావడం సహజం. నిజానికి ఇంటిబడి వైపు వచ్చే కుటుంబాలలో నెమ్మదిగా నేర్చుకునే పిల్లల కోసం, అనారోగ్యం ఉన్న పిల్లల కోసం వచ్చేవీ ఉంటాయి.

'నలుగురితో కలవడు' అన్నది అందరూ వేసే ప్రశ్న. ఇది పూర్తిగా నిరాధారం కాదు. అపార్టుమెంటులో ఒంటరి బిడ్డకు సావాసం దానంతటది దొరకదు, దానిని వెతికి ఏర్పరచాలి. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియమో, సంగీతం తరగతో, బంధువుల పిల్లలో ఆ చోటును నింపాలి. అయితే ఈ ప్రశ్న వేసే ఇళ్లలోని ఇంటర్ విద్యార్థులు ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ల దాకా పక్కపక్కన కూర్చొని కూడా మాట్లాడుకోవడానికి వీలులేని స్థితిలో ఉండటాన్ని ఎవరూ స్నేహలోపంగా పరిగణించరు.

'డబ్బున్నవారి వేడుక' అన్న అభిప్రాయంలో సగం నిజముంది. ఫీజుల భారం ఉండదు కనుక డబ్బు ప్రధానం కాదు. ఇంట్లో చదువుకున్న ఒక పెద్దమనిషి పగటివేళ ఖాళీగా ఉండటమే అసలు ఖర్చు. ఆ పెద్దమనిషి చాలాసార్లు తల్లి. ఆమె వదులుకునే జీతం ఏ లెక్కలోనూ కనిపించదు. ఇంటిబడిని సమర్థించే రచనలు సైతం ఈ విషయాన్ని తేలికగా దాటవేస్తాయి.

చట్టం, టీసీ, స్థానికత

'కేసు పెడతారు' అన్నది ఒక భయం, 'చట్టం అనుమతించింది' అన్నది ఒక ధీమా. రెండూ తొందరపాటే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 10వ సెక్షను, 6–14 ఏళ్ల బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్పించనివారికి ఆ చట్టంలో శిక్ష లేదు. ఇంగ్లండు 1996 నాటి విద్యాచట్టంలో బడి ద్వారా గాని 'మరో విధంగా' గాని చదివించవచ్చునన్న అర్థమిచ్చే మాట ఉంది. మన సెక్షనులో ఆ మాట లేదు. ఇంటిబడి కుటుంబాల అనిశ్చితి అంతా ఆ లేని మాట చుట్టూనే తిరుగుతుంది. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. సొంత బిడ్డకు చెప్పుకోవడం వేరు, ఇరుగుపొరుగు పిల్లలను చేర్చి గుర్తింపు లేకుండా బడిగా నడపడం వేరు. రెండవదానికి 18వ సెక్షను లక్ష రూపాయల దాకా జరిమానా విధిస్తుంది.

'టీసీ లేకుంటే ఏ బడీ చేర్చుకోదు' అన్నది ఈ ప్రాంతంలో గట్టిగా నాటుకున్న నమ్మకం. ఎన్నడూ బడిలో చేరని బిడ్డను, మధ్యలో మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని 4వ సెక్షను చెబుతుంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 5వ సెక్షను అంటుంది. అంటే ఎనిమిదవ తరగతి దాకా తిరిగి వచ్చే తలుపు తెరిచే ఉంది. ఆపైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ నిర్వహించే పదవ తరగతి పరీక్షలున్నాయి. వీటికి 14 ఏళ్లు నిండాలి. జాతీయ సంస్థలో ఒకసారి నమోదైతే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు లభిస్తాయి.

వీటికంటె చిక్కైనది స్థానికత. ప్రవేశాలలో స్థానికతకు వరుసగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడగడం అందరికీ తెలిసినదే. అవి లేని బిడ్డ స్థానికేతరుడవుతాడని చాలామంది భయపడతారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థలో చదవని కాలానికి నివాసాన్ని ఆధారంగా తీసుకునే వీలు కల్పించింది. అయితే వైద్యవిద్య ప్రవేశాల నిబంధనలు ఇటీవల మారాయి. కనుక ఆయా సంవత్సరపు నోటిఫికేషన్ చూడకుండా ఈ దారిని నమ్ముకోరాదు. ఇంటిబడిలో నివాస ధ్రువపత్రాలను ఏటా భద్రపరచడం పాఠం చెప్పడమంత ముఖ్యమైన పని.

బడి బయటి పిల్లలు

మిగిలినది 'బడి మానేసింది' అనే మాట. అన్నిటికంటె బరువైనది ఇదే. ఎల్బీనగర్ ఉన్న రంగారెడ్డి జిల్లా గ్రామాలలోనే 1991 నుంచి ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలకార్మిక వ్యవస్థపై పని ప్రారంభించింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది దాని మూలసూత్రం. పేదరికం వల్ల కొందరు పిల్లలకు పని తప్పదన్న వాదనను ఆ సూత్రం తిరస్కరించింది. పశువుల వెంట, పత్తి చేలలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షులయ్యారు. ప్రభుత్వ 'బడి బాట' కార్యక్రమంలో, 'బడి బయటి పిల్లలు' అన్న సర్వే పరిభాషలో ఇటువంటి ఆలోచనే వినిపిస్తుంది.

పగటిపూట బాల్కనీలో కనిపించిన బిడ్డను చూసి 'బడికి ఎందుకు పోవట్లేదు?' అని అడిగే పొరుగింటావిడ మాట వెనుక ఈ చరిత్ర ఉంది. ఇంటిబడి కుటుంబానికి ఆ ప్రశ్న అవమానంగా తోచవచ్చు. కాని తమ్ముడిని చూసుకోవడానికి, వంటకు, పెళ్లి కుదిరేదాకా కాపలాకు ఇంట ఉంచిన ఆడపిల్ల కూడా అదే బాల్కనీలో నిలబడుతుంది. బయటినుంచి చూస్తే ఇద్దరి మధ్య తేడా తెలియదు. అడిగితే రెండు ఇళ్లలోనూ 'ఇంట్లోనే చదువుతోంది' అన్న జవాబే రావచ్చు.

జర్మనీ ఇంటిబడిని దాదాపు పూర్తిగా నిషేధించింది. అమెరికాలో యాభై రాష్ట్రాలూ అనుమతిస్తాయి. వాటిలో కొన్ని ఏటా తెలియజేయాలని, పరీక్షించాలని కోరుతాయి. మరికొన్ని ఏమీ అడగవు. మన చట్టంలో నిషేధమూ స్పష్టంగా లేదు, నమోదూ లేదు. అందువల్ల నిజంగా చదివించే ఇల్లు అనుమానానికి గురవుతుంది. చదువు మాన్పించిన ఇల్లు అదే మాట చాటున నిలుస్తుంది. ఎవరు ఏమి చదివిస్తున్నారో ఏడాదికి ఒకసారి మండల విద్యాధికారికి తెలిపే ఏర్పాటు ఉంటే మొదటి ఇంటికి రక్షణ, రెండవ ఇంటికి ప్రశ్న ఎదురవుతాయి. ఆ ఏర్పాటు లేనంతకాలం ప్రశ్న పొరుగింటావిడ నోటనే ఉంటుంది. 'ఎందుకు పోవట్లేదు?' అన్నదాని తర్వాత 'ఏం చదువుతోంది?' అని కూడా ఆమె అడిగితే, ఆ పిల్ల చేతిలోని పుస్తకమే జవాబు చెబుతుంది.